నీలం చాలని తొట్టె

ఇల్లు, ముందు గది
ఫిబ్రవరి 9

బుల్లెమ్మా,

ఈ ఉత్తరం నిన్ను ఏ నాటకశాలలో పట్టుకుంటుందో తెలియదు. మీ నాటక సంఘం వాళ్ళు ఇచ్చిన చిరునామాల్లో మూడోది చూసి రాస్తున్నాను. ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో మనిద్దరం మూడో మాటకే దెబ్బలాటకి దిగుతాం. కాగితం మీదైతే నేను చెప్పడం అయ్యేదాకా నువ్వు అడ్డు రాలేవు. అన్నగా పుట్టినందుకు నాకు దక్కిన సుఖం ఇదొక్కటే.

పనుండే రాస్తున్నాను. నా పగడాల తొట్టెకు లైట్లు మార్చాలి. నువ్వు వచ్చినప్పుడల్లా దాన్ని "అన్నయ్య రాళ్ళపెట్టె" అంటావు గానీ అవి రాళ్ళు కావు, ప్రాణులు. వాటి ఒంట్లో కంటికి ఆనని నాచు ఉంటుంది. వెలుతురు తగిలితే ఆ నాచు వండుతుంది, పగడం తింటుంది. అంటే లైటు వాటికి అలంకారం కాదు, భోజనం.

నాలుగేళ్ళుగా నాలుగు ట్యూబులైట్ల కింద హాయిగా పెరిగాయి. ఇప్పుడు అన్నీ వెలవెలబోతున్నాయి. సుత్తి పగడం ఉంది చూడు, చివర్లు సుత్తుల్లా ఉంటాయే, అది నెమలి మెడలా మెరిసేది. ఇప్పుడు బూడిద పూసుకున్నట్టుంది. కొత్త ట్యూబులు వేశాను, తేడా లేదు. అందుకని నా ముందు మూడు దారులున్నాయి. ఇంకా ఖరీదైన ట్యూబులు వెయ్యడం. లేదా పెంపుడు చేపల దుకాణం ఆయన ఊదరగొడుతున్న ఎల్ఈడీ పలక కొనడం. లేదా పాతకాలం పెద్ద హాలైడ్ దీపం వేలాడదీయడం. నువ్వు ఇరవై రెండేళ్ళుగా స్టేజీల మీద లైట్లు వేస్తున్నదానివి. ఏది మంచిదో చెప్పు. గోడల రంగులకు షేడు కలపడంలో ముప్ఫై ఒక్క ఏళ్ళు గడిపిన నాకే నా ఇంట్లో రంగు కుదరకపోతే నవ్విపోతారు.

ఫ్యాక్టరీలో ఒక గొడవ జరిగింది. మా ల్యాబులో మీటరమ్మ తెలుసుగా, ఏ రంగైనా మీటరు కింద పెట్టి అంకె చూస్తే తప్ప నమ్మదని నేనే ఆ పేరు పెట్టాను. ఒక ఆసుపత్రి గోడలకని చేసిన లేత నీలం, నలభై డబ్బాలు తిరిగొచ్చాయి. గోడకు వేస్తే ఊదాలోకి పోయిందట. మీటరు సరిగ్గా పెట్టలేదని తేల్చి ఆమెను ప్యాకింగులోకి మార్చారు. యంత్రాన్ని నమ్ముకుంటే ఇంతే.

మీ వదిన అడిగానని చెప్పమంది. త్వరగా రాయి.

అన్నయ్య


నాటకశాల, లైట్ల గది
ఫిబ్రవరి 24

రంగుల మహారాజులైన అన్నయ్యగారికి,

స్టేజీకి ఎదురుగా, ప్రేక్షకుల తలల పైన ఉన్న పిట్టగూడంత గదిలో కూర్చుని రాస్తున్నాను. కింద వడ్రంగి సుత్తి దెబ్బలు వేస్తున్నాడు. నీ సుత్తి పగడం గుర్తొచ్చింది.

నీ మూడు దారుల సంగతి. హాలైడ్ వద్దు. మా పాత దీపాలు అలాంటివే, వాటి కింద నటులు చెమటతో ఉడికిపోతారు. నీ తొట్టెలో నీళ్ళూ అంతే. ట్యూబులు మంచివి, వెలుతురు దుప్పటి కప్పినట్టు అంతటా సమంగా పడుతుంది. ఎల్ఈడీ అంటే స్పాట్‌లైటు. పడ్డచోట పట్టపగలు, పక్కన నీడ. పైగా నీలం ఒకటి, తెలుపు ఒకటి విడివిడిగా తిప్పుకునే మరలుంటాయి. మరలున్న వస్తువు నీ చేతికిస్తే ఏమవుతుందో నాకు తెలుసు.

కాబట్టి ముందు ఏమీ కొనకు. కొలువు. పగడాలకు అందే వెలుతురును కొలిచే మీటరు ఉంటుంది, చేపలాయన దగ్గర అరువు దొరుకుతుంది. నీళ్ళలో ముంచి మూడు చోట్ల అంకె చూసి రాయి. కంటితో చూసి లైటు కొనకు అన్నయ్యా. కన్ను పెద్ద అబద్ధాలకోరు. ఎర్ర లైటు సీను పది నిమిషాలు నడిచాక మామూలు తెల్ల లైటు వేస్తే, హాల్లో అందరికీ అది ఆకుపచ్చగా కనిపిస్తుంది. తప్పు లైటుది కాదు.

ఇంకో మాట. కోప్పడకు. మీ ఫ్యాక్టరీ నుంచి ఏ డబ్బా కదలాలన్నా చివరి సంతకం నీదేనని నువ్వే నాకు వందసార్లు గొప్పగా చెప్పావు. ఆ నలభై డబ్బాల మీద సంతకం ఎవరిది?

బుల్లెమ్మ


ఇల్లు, ముందు గది
మార్చి 15

బుల్లెమ్మా,

కొలిచాను. నీళ్ళ పైభాగాన నూట అరవై, మధ్యలో నూట పది, అడుగున డెబ్భై అయిదు. పుస్తకంలో చూస్తే నా పగడాలకు యాభై నుంచి నూట యాభై చాలునట. అంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. కానీ లేదు. ఎదురుగా కూర్చుని చూస్తున్నవాణ్ణి నేను. మసక. నీళ్ళలో ఎవరో టీ డికాక్షను కలిపినట్టు. చేపలాయన మీటరు పాతది, పాడై ఉంటుంది.

ఎల్ఈడీ పలక కొనేశాను. నన్ను తిట్టకు. నీలం మర సగం తిప్పితే ఏమీ తెలియలేదు. ముప్పావు తిప్పాను. మొదటి రెండు రోజులు ప్రాణం లేచొచ్చింది. మూడో రోజు మళ్ళీ మామూలే. ఇప్పుడు పూర్తిగా తిప్పి పెట్టాను, రోజుకు పన్నెండు గంటలు. ఇంకో పలక తెస్తే ఎలా ఉంటుందంటావు?

ఫ్యాక్టరీలో పని ఎక్కువగా ఉంది. మీటరు ఇప్పుడు గుడ్డ కప్పుకుని కూర్చుంది, అన్నీ నా కంటి మీదే నడుస్తున్నాయి.

అన్నయ్య


నాటకశాల, లైట్ల గది
మార్చి 28

అన్నయ్యా,

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనేవాడివి చిన్నప్పుడూ నువ్వే, ఇప్పుడూ నువ్వే. రెండో పలక తెస్తే నేనే వచ్చి తీగలు కోస్తాను. పగడాలను కొత్త లైటుకు వారానికి కాస్త చొప్పున అలవాటు చెయ్యాలి. నీడలో పెరిగినవాణ్ణి తీసుకెళ్ళి ఎండలో నిలబెట్టినట్టు చేశావు నువ్వు. ఈ ఉత్తరం చేతికందగానే నీలం పావువంతుకు దించు, గంటలు ఎనిమిది చెయ్యి. మళ్ళీ కొలువు.

నేనడిగిన ఇంకో ప్రశ్నకు నువ్వు జవాబు రాయలేదు. మర్చిపోయావో, మరిచినట్టున్నావో నీకే తెలియాలి.

బుల్లెమ్మ


ఇల్లు, ముందు గది
ఏప్రిల్ 11

బుల్లెమ్మా,

నీ ఉత్తరం వచ్చేసరికి ఆలస్యమైపోయింది. సుత్తి పగడం తెల్లబడింది. ముందు చివర్లు, తర్వాత మొదలు దాకా. మెదడు పగడం సగం. చేపలాయన వచ్చి చూసి, వెలుతురు ఎక్కువైతే పగడాలు ఒంట్లోని నాచును బయటికి తోసేస్తాయి, తర్వాత ఆకలితో మాడిపోతాయి అన్నాడు. "ఇంత నీలంలో మీకు కళ్ళు నొప్పెట్టలేదా సార్?" అని కూడా అన్నాడు. నాకేం నొప్పి? నాకు చాలకనే కదా తిప్పింది.

నాలుగేళ్ళు పెంచాను. వారం వారం నీళ్ళు మార్చాను. జ్వరంతో ఉన్నప్పుడు కూడా మానలేదు.

అన్నయ్య

అమ్మాయ్, నేను, వదినని. మీ అన్నయ్య కవరు అంటించకుండా పెట్టి స్నానానికి వెళ్ళారు. తొందరగా రాస్తున్నాను. నెల్నాళ్ళుగా మా ముందు గది ఎలా ఉందో నీకెలా చెప్పను? గోడలు, కుర్చీలు, మా మొహాలు అన్నీ ముదురు నీలం. వచ్చినవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోతున్నారు. ఆయన మాత్రం "ఇంకా చాలలేదు" అంటారు. మొన్న ఒక కాలికి నల్ల మేజోడు, ఇంకో కాలికి నీలం మేజోడు వేసుకుని ఆఫీసుకు వెళ్ళారు. చెబితే కసిరారు. కొత్త తెల్ల దుప్పటి పరిస్తే "పాతదే పరిచావేం, పసుపెక్కింది" అన్నారు. మనిషికి ఏదో దిగులు పట్టుకుందనుకుని ఊరుకున్నాను. నీకేమైనా తెలుస్తుందేమోనని. నీళ్ళ చప్పుడు ఆగింది. ఉంటాను.


నాటకశాల, లైట్ల గది
ఏప్రిల్ 20

అన్నయ్యా,

నీ పగడాల గురించి చదివి చాలాసేపు ఏ పనీ చెయ్యలేదు. అవి నాకు రాళ్ళపెట్టె అయితేనేం, నీకు ఏమిటో నాకు తెలుసు.

ఈ కవరులో రెండు చిన్న పొట్లాలున్నాయి. మేము దీపాల ముందు పెట్టే రంగు రేకుల ముక్కలు. పగటి వెలుతురులో, కిటికీ దగ్గర, తెల్ల కాగితం మీద పరుచుకో. మొదటి పొట్లంలో రెండు ముక్కలు. అవి ఒకే రంగా, వేరువేరా చెప్పు. రెండో పొట్లంలో మూడు. వాటిని లేత నుంచి ముదురుకు పేర్చు. ముందు నువ్వు చెయ్యి. తర్వాత నువ్వు పక్కకు వెళ్ళి వదిన చేత చేయించు. ఇద్దరి జవాబులూ రాయి.

ఎందుకంటావా? నేను పనిలో చేరిన కొత్తలో మాకు ఒక పెద్దాయన ఉండేవాడు, లైట్ల గురువు. వెన్నెల సీనుకు ఎంత నీలం వేసినా చాలదనేవాడు. మేం నవ్వుకునేవాళ్ళం. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత చెప్పుకున్నాం గానీ, ఆయన్ను ఒక్కసారి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలని ఎవ్వరికీ తోచలేదు. శుక్లాలని తేలేసరికి ఆయన నిచ్చెన మీంచి పడి తుంటి విరిగింది.

అంతే. ఇంకేం రాయను.

బుల్లెమ్మ


ఇల్లు
ఏప్రిల్ 29

బుల్లెమ్మకు,

రేకులు అందాయి. నేను రంగు చూడగలనా లేదా అని నువ్వు పరీక్ష పెడుతున్నావన్నమాట. నువ్వు గౌను తొడుక్కునే రోజుల్లో నేను పన్నెండు రకాల తెలుపులు వేరు చేసి చూపించాను. మా ఫ్యాక్టరీలో కొత్తవాళ్ళు నా దగ్గరికొచ్చి నేర్చుకుంటారు. నేను ఈ ఆట ఆడను. మీ వదిన ఏమైనా రాసి ఉంటే దాన్ని పట్టించుకోకు.

అన్నయ్య


ఇల్లు, వంటగది బల్ల
మే 4

బుల్లెమ్మా,

పోయిన ఉత్తరం చింపెయ్యి.

ఇవాళ ఆదివారం. పొద్దున్న కాఫీ తాగుతూ పొట్లాలు విప్పాను. మొదటి రెండు ముక్కలూ ఒకటే. తిప్పి చూశాను, వెలుతురుకు ఎత్తి చూశాను. ఒకటే. మీ వదిన స్టవ్ దగ్గర నుంచే, చేతిలో గరిటెతో, "అదేమిటండీ, ఒకటి తెలుపు, ఒకటి నిమ్మతొక్క రంగు కదా?" అంది. అంత దూరం నుంచి. నీలాలు మూడింటినీ నేను ఒక వరుసలో పెడితే, తను వచ్చి రెండింటిని అటూ ఇటూ మార్చింది. తర్వాత నా భుజం మీద చెయ్యేసి నిలబడింది. పాలు పొంగిపోయాయి.

నిజం చెబుతున్నాను, నాకు కొంత తెలుసు. ఏడాదిగా తెలుసు. ఎదురుగా వచ్చే బండి లైట్లు ముళ్ళలా గుచ్చుకునేవి. కళ్ళజోడు తుడుచుకుని తుడుచుకుని గుడ్డ అరిగిపోయింది. డాక్టరు దగ్గరికి వెళితే ఆయన చెప్పేస్తాడు కదా, చెబితే షేడు మాస్టారుగా నా పని అయిపోయినట్టే కదా అని వెళ్ళలేదు. తొట్టె మీద నెపం పెట్టుకున్నాను. లైటు మారిస్తే సరిపోతుందని.

నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు. సంతకం నాది. అంతే కాదు. ఆ రోజు మీటరమ్మ కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. "మాస్టారూ, నీలం ఎక్కువైందండీ. అంకె చాలా దూరం పోయింది. ఇంకొక్కసారి చూస్తారా?" అంది. నమూనా పక్కన పెట్టి చూశాను. నాకు రెండూ ఒక్కలాగే ఉన్నాయి. "ఆ యంత్రానికేం తెలుసమ్మా" అని అందరి ముందూ అనేసి సంతకం పెట్టాను. డబ్బాలు తిరిగొచ్చిన రోజు మేనేజరు "మీటరు చూసింది ఎవరు?" అని అడిగాడు. ఆమె నా వైపు చూసింది. నేను నమూనా కాగితాలు సర్దుకుంటున్నాను.

మూడు నెలలుగా ఆమె డబ్బాలకు చీటీలు అంటిస్తోంది. దారిలో కనిపిస్తే ఇప్పటికీ "నమస్కారం మాస్టారూ" అంటుంది. ఒక్క మాట తూలి ఉంటే నాకు తేలికగా ఉండేది.

బుధవారం కళ్ళ డాక్టరు దగ్గరికి వెళుతున్నాం.

అన్నయ్య


నాటకశాల మారింది, కొత్త లైట్ల గది
మే 13

అన్నయ్యా,

ఇక్కడ నా గదికి కిటికీ ఉంది. కిటికీ ఉన్న లైట్ల గది నేనెప్పుడూ చూడలేదు.

నీ మీద కోపం రాలేదని అబద్ధం చెప్పను. నాలుగో పేజీ దగ్గర ఉత్తరం మడిచి పెట్టేసి కిందికి వెళ్ళి నడిచొచ్చాను. నేనూ చాలాసార్లు ఇలాంటి మీటరమ్మనే. లైటు మసకగా ఉందంటే మొదట నన్నే చూస్తారు, బల్బును కాదు.

కళ్ళ సంగతి డాక్టరు చూసుకుంటారు. ఈ రోజుల్లో అది పెద్ద విషయం కాదు. రెండోదే పెద్దది. ఆపరేషనయ్యాక చెబుదాం అనుకోకు. అప్పుడు అందరూ "పాపం, కళ్ళు కనపడక" అని నీ తప్పు నువ్వు చెప్పకముందే మాఫీ చేసేస్తారు. ఇప్పుడే వెళ్ళు.

సుత్తి పగడం పోతే పోయింది. మిగిలినవాటికి లైటు తగ్గించి, వాటిని కదపకుండా, ఓపికపట్టు. తెల్లబడ్డవన్నీ చచ్చినట్టు కాదట, చదివాను.

నీ బుల్లెమ్మ


ఇల్లు, ముందు గది
జులై 27

బుల్లెమ్మా,

రెండు నెలలు ఉత్తరం రాయకుండా ఫోనులో "బాగున్నాను" అని మూడు ముక్కలు చెప్పి తప్పించుకున్నాను. అన్నీ ఒక కొలిక్కి వచ్చాక రాద్దామని. కూర్చుని చదువు.

కళ్ళ డాక్టరమ్మ దీపం వేసి చూసి, "మీ కంట్లో కటకం తేనె రంగుకు తిరిగిందండీ. లోపలికి వచ్చే నీలాన్ని వచ్చింది వచ్చినట్టు మింగేస్తోంది" అంది. రెండు కళ్ళకూ చెయ్యాలట, ముందు కుడిది. తేదీ ఇచ్చింది.

ఆ తేదీకి వారం ముందే మేనేజరు గదికి వెళ్ళాను. మీటరమ్మను కూడా పిలిపించమన్నాను. ఆమె చేతులకు జిగురుతో వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ముందురోజంతా మాటలు సాధన చేసుకున్నాను గానీ అక్కడ నోరు పెగల్లేదు. చివరికి, "నలభై డబ్బాల తప్పు నాది సార్. ఈ అమ్మాయి ఎక్కువైందని చెప్పింది. నేను వినలేదు. మీరు అడిగిన రోజు నోరు మూసుకున్నాను" అన్నాను. మేనేజరు నా కళ్ళ సంగతి విని, "అయ్యో మాస్టారూ, అదా సంగతి, కళ్ళు బాగాలేక జరిగింది కదా" అనబోయాడు. నువ్వు రాసినట్టే. "కళ్ళు బాగాలేక తప్పు సంతకం పెట్టాను సార్. నోరు బాగానే ఉంది, అయినా చెప్పలేదు" అన్నాను.

ఆయన ఆమెను వెంటనే ల్యాబులోకి వచ్చెయ్యమన్నాడు. ఆమె కదల్లేదు. "వస్తాను సార్. కానీ ఇక మీదట ఏ షేడు కాగితం మీదైనా రెండు సంతకాలుండాలి. ఒకటి కంటిది, ఒకటి మీటరుది. రెండూ కలవకపోతే డబ్బా కదలకూడదు. అది రాతలో ఇవ్వండి" అంది. మేనేజరు నన్ను చూశాడు. నేను తలూపాను. బయటికొచ్చాక క్షమించమని అడిగాను. "అడిగారుగా మాస్టారూ" అందే గానీ, క్షమించానని అనలేదు. అనాలని నేనూ ఎదురుచూడటం లేదు.

ఇక కన్ను. కట్టు విప్పిన పొద్దున డాక్టరమ్మ వేసుకున్న కోటు చూసి "ఇంత తెలుపా!" అని పైకే అనేశాను. ఇంటికొస్తుంటే ఆకాశం. ఎలా చెప్పను? ఎడమ కన్ను మూస్తే కొత్త ఆకాశం, కుడి కన్ను మూస్తే పాత కాగితం. దారి పొడుగునా ఒక కన్ను తర్వాత ఒకటి మూస్తూ వచ్చాను. టాక్సీ అతను నేను కన్ను కొడుతున్నాననుకున్నాడేమో, అద్దంలోంచి ఒకటే చూపు. ఇంట్లో మీ వదిన జుట్టు చూసి, "ఎప్పుడు తెల్లబడింది?" అన్నాను. "అయిదేళ్ళయింది, ఇప్పటికి తమరికి తీరింది" అంది. ముందు గదిలో ఆ ఎల్ఈడీ పలకను, నీలం మర అప్పటిలాగే పూర్తిగా తిప్పి, ఒక్క నిమిషం వెలిగించి చూశాను. కుడి కంటితో. ఆ వెలుగులో మీ వదిన నెల్నాళ్ళు కూర్చుని కూరగాయలు తరిగింది, ఒక్క మాట గట్టిగా అనకుండా. ఆర్పేశాను.

సుత్తి పగడం పోయింది. అస్థిపంజరం తీసి ఎండబెట్టాను. మెదడు పగడం సగం మిగిలింది. పుట్టగొడుగు పగడాలు ముడుచుకుని ఉన్నాయి, బతికాయో లేదో తెలిసేది కాదు.

పోయిన ఆదివారం మీటరమ్మను ఇంటికి రమ్మని పిలిచాను. వస్తుందనుకోలేదు. వచ్చింది, తన తల్లిని కూడా వెంటబెట్టుకుని. చేపలాయన మీటరు అడిగి తెచ్చాను. పాతదే గానీ, ఏ లోపమూ లేదు. ఆమె కుర్తా చేతులు పైకి మడిచి మీటరు కడ్డీ నీళ్ళలో ముంచి అంకెలు చదువుతుంటే నేను రాసుకున్నాను. ముందు పలకను మార్చిలో ఉన్నట్టే పెట్టి చూశాం. మధ్యలో నాలుగు వందల ఎనభై! ఆమె ఆ అంకె రెండుసార్లు చదివింది. చివరికి నువ్వు చెప్పిన దారికే వచ్చాం. దుప్పటిలా పడే పాత ట్యూబులు నాలుగూ ఉంచాం. ఎల్ఈడీ నీలం పదో వంతు, పక్కకు కాస్త వంచి, నీడలు పడకుండా. మధ్యలో తొంభై, అడుగున అరవై. వారానికి కొంచెం చొప్పున పెంచాలి, ఎనిమిది గంటలు. నాకు అదీ ఎక్కువ నీలంగానే అనిపించింది. ఇప్పుడు నా కుడి కంటికి ప్రపంచమంతా నీలమే. తగ్గిద్దామా అంటే, "రెండో కన్ను కూడా అయ్యాక అడగండి మాస్టారూ" అంది. వాళ్ళమ్మ నవ్వింది. మీ వదిన వాళ్ళకు మళ్ళీ టీ పెట్టింది.

ఎడమ కంటికి ఆగస్టు పద్ధెనిమిది. అది అయ్యేదాకా ఫ్యాక్టరీలో నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టడం లేదు. కొత్తవాళ్ళకు పిండి రంగులు నూరడం నేర్పుతున్నాను. ఆ తర్వాత కూడా ముందు ఆమె సంతకం పడాలి, తర్వాతే నాది. నేనే అడిగాను అలా.

ఈ ఉత్తరం మొదలుపెట్టబోతుండగా మీ వదిన తొట్టె దగ్గర్నుంచి కేకేసింది. వెళ్ళి చూస్తే, ఎడమ మూల రాయి మీద పుట్టగొడుగు పగడం ఒకటి విచ్చుకుంది. రూపాయి బిళ్ళంత. అంచులు నీళ్ళకు మెల్లగా ఊగుతున్నాయి. తను ఆకుపచ్చ అంది. నా కుడి కంటికి నీలం, ఎడమ కంటికి మట్టి రంగు. తొట్టె పక్కన ఒక నోటుపుస్తకం పెట్టాను, అందులో మూడూ రాశాను. నువ్వు ఎప్పుడొస్తావో వచ్చి నాలుగోది రాద్దువుగాని.

అన్నయ్య